గోల్ఫ్ ఆడుతుంటే ఎడమ గజ్జలో నొప్పి, డ్రైవర్ ఫినిష్‌లో పట్టేస్తోంది: ఏ స్ట్రెచ్ చేయాలి, ఏది మానాలి?

బోగీ బాబాయ్ (ప్రశ్న)

నమస్కారం. వయసు 52, కుడిచేతి గోల్ఫ్ ఆట, హ్యాండిక్యాప్ 19, అంటే మధ్యరకం ఆటగాణ్ణి. హైదరాబాద్‌లో శని, ఆదివారాలు 18 హోల్స్ నడిచే ఆడతాను, బ్యాగు క్యాడీ మోస్తాడు. వారం మధ్యలో రెండు సాయంత్రాలు రేంజ్‌లో (ప్రాక్టీసు మైదానంలో) వందేసి బంతులు. మిగతా పొద్దంతా కుర్చీ ఉద్యోగం.

మూడు నెలలుగా ఎడమ గజ్జ లోతుగా నొప్పి. డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) కొట్టి ఫినిష్‌కు (స్వింగ్ ఆఖరి భంగిమకు) వచ్చేసరికి లోపల ఏదో నొక్కుకున్నట్టు కలుక్కుమంటుంది. దగ్గరి దెబ్బల వెడ్జ్‌తో రాదు. పన్నెండో హోల్ దాటాక నడకలోనూ తెలుస్తుంది. కారు దిగాక మొదటి నాలుగడుగులు కుంటుతాను. సాక్సు వేసుకోవడానికి ఎడమ పాదం అందుకోవాలంటే ప్రయాస.

వీడియోలు చూసి నెల రోజులుగా సీతాకోకచిలుక ఆసనం, పద్మాసనం, మోకాలి మీద కాలు వేసుకుని ముందుకు వంగే స్ట్రెచ్ చేస్తున్నాను. తగ్గలేదు సరికదా, మర్నాటికి ఎక్కువవుతోంది. ఆటకు ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే ఎలాగో గట్టెక్కుతున్నాను. ఇది కండరమా, కీలా? సరైన స్ట్రెచ్ ఏది? కొన్నాళ్ళు ఆట మానేయాల్సిందేనా?

తుంటి ఫిజియో

ముందు ఆ మూడు స్ట్రెచ్‌లూ ఆపండి సార్. వాటిలో తప్పేమీ లేదు, కానీ మీకు కావలసిన వైపువి కావు.

మఠం వేసుకుని కూర్చున్నప్పుడు తుంటి కీలులో తొడ ఎముక బయటికి తిరుగుతుంది. పద్మాసనం, సీతాకోకచిలుక, కాలు మీద కాలు, అన్నీ ఆ వైపువే. నేల మీద కూర్చుని భోంచేస్తూ పెరిగినవాళ్ళలో చాలామందికి ఆ తిరుగుడుకు కొదవుండదు. కుడిచేతి గోల్ఫర్ ఎడమ తుంటికి కావలసింది దానికి సరిగ్గా ఎదురుది. ఎడమ పాదం నేలకు అతుక్కుని ఉండగా నడుము దాని మీద ఎడమకు తిరిగి టార్గెట్‌కు ఎదురవుతుంది. తొడ తిరిగినా, తొడ మీద నడుము తిరిగినా కీలుకు లెక్క ఒకటే: లోపలి తిరుగుడు. అది చాలనప్పుడు బంతిలాంటి తొడ ఎముక తల, దాని కింది మెడ కలిసే చోటు వెళ్ళి గిన్నె ముందంచుకు తగులుతుంది. ఆ అంచు చుట్టూ లాబ్రమ్ అనే మెత్తటి కట్టు ఉంటుంది, నలిగేది అదే. పద్మాసనం బాగా వచ్చినవాళ్ళు "నాకు తుంటి బిగువు లేదు" అనుకోవడం ఇక్కడే దెబ్బ తీస్తుంది.

కొలిచి చూసుకోవడం తేలిక. పాదాలు నేలకు తగలనంత ఎత్తున్న బల్ల అంచున కూర్చోండి. మోకాళ్ళ మధ్య టవల్ చుట్ట పెట్టి కదలకుండా నొక్కి పట్టండి. ఫోన్‌లో వాలు చూపించే లెవెల్ యాప్ తెరిచి, ఫోన్‌ను మోకాలి కింద ముందరి ఎముక వెంట నిలువుగా ఆనించి ఎవరినైనా పట్టుకోమనండి. కాలు వేలాడుతున్నప్పుడు సున్నా. ఇప్పుడు పిర్ర బల్ల మీంచి లేవకుండా పాదాన్ని బయటివైపుకు ఎత్తండి. పాదం బయటికి పోతుంటే తొడ లోపలికి తిరుగుతోందన్నమాట, తికమకపడకండి. పిర్ర లేస్తే వచ్చే అంకె దొంగ లెక్క, కాబట్టి అటువైపు బల్ల అంచును చేత్తో గట్టిగా పట్టుకోండి. రెండు వైపులా మూడేసి సార్లు కొలవండి.

35 నుంచి 40 డిగ్రీలు వస్తే నిశ్చింత. 25 లోపు వస్తే డ్రైవర్ ఫుల్ ఫినిష్‌కు కీలులో చోటు చాలడం లేదు. రెండు వైపుల మధ్య తేడా 10 డిగ్రీలు దాటినా పట్టించుకోవాల్సిందే. అంకెతోపాటు ఆగే తీరు కూడా గమనించండి. రబ్బరు సాగినట్టు పిర్ర వెనక లాగుతూ ఆగితే అది కండరం, కీలు తొడుగుల బిగువు, సాధనతో తగ్గుతుంది. తలుపు గోడకు కొట్టుకున్నట్టు గజ్జ ముందు ఠక్కున ఆగితే ఎముక ఆకారం అడ్డు వస్తోందని అనుమానించాలి. అలాంటప్పుడు ఎంత లాగితే అంత నలుగుతుంది.

ఇంకో పరీక్ష. వెల్లకిలా పడుకుని ఎడమ మోకాలిని రెండు చేతులతో ఛాతీకి తెచ్చి, అక్కణ్ణుంచి మెల్లగా కుడి భుజం వైపు వాల్చండి. గజ్జలో అదే నొప్పి పలికితే కీలు లోపలి గొడవ కావచ్చు. వచ్చినంత మాత్రాన లాబ్రమ్ చిరిగిందని తేలదు. రాకపోతే మాత్రం ఆ అవకాశం బాగా తగ్గుతుంది.

"ఎక్కడ నొప్పి?" అని అడిగితే బొటనవేలు పిర్ర వైపు, మిగతా వేళ్ళు గజ్జ వైపు వచ్చేలా చేతిని తుంటికి చుట్టి "ఇదిగో ఇక్కడ, లోపల" అనేవారిది చాలావరకు కీలు నొప్పే. మీరు రాసినదాన్ని బట్టి మీదీ అటే మొగ్గుతోంది. సాక్సు, కారు, ఫినిష్ మూడూ ఆ జాబితాలోవే.

చేయాల్సినవి చెబుతాను. ఇవి రబ్బరు బిగువు ఉన్నవాళ్ళకు. గోడ తగిలినట్టు ఆగేవాళ్ళు మొదటి రెండూ వదిలి మిగతావి చేయాలి.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలను తుంటి వెడల్పుకు రెట్టింపు దూరంలో పెట్టండి. ఎడమ మోకాలిని లోపలికి, నేల వైపు వాల్చండి. 5 సెకన్లు ఆపి వెనక్కి. వైపుకు 10 సార్లు, రోజూ. ఇది కుదిరాక రెండోది: నేల మీద కూర్చుని ముందు కాలు, వెనక కాలు రెండూ మోకాలి దగ్గర లంబకోణంలో మడవండి. వెనక కాలి మోకాలు నేలకు ఆనే ఉండాలి, పాదాన్ని మాత్రం రెండంగుళాలు పైకి లేపాలి. 3 సెకన్లు, 6 సార్లు. లేవకపోయినా లేపే ప్రయత్నమే వ్యాయామం. పిక్క పట్టేస్తుంటే పిర్రల కింద దిండు పెట్టుకోండి. ఆసనాల్లో దీనికి దగ్గరగా వచ్చేది వీరాసనం. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు దాని జోలికి పోవద్దు.

కుర్చీ ఉద్యోగానికి ఒక మోకాలు నేలకు ఆనించి ఎదుటి కాలు ముందుకు పెట్టే స్ట్రెచ్. ఇందులో జరిగే పొరపాటు నడుమును ముందుకు తోసి వెన్ను వంచడం. మొదట పిర్రను బిగించి, తోకెముకను కిందికి లాగినట్టు చేస్తే ముందుకు జరగకుండానే తొడ ముందు లాగుడు తెలుస్తుంది. అంతే చాలు, 30 సెకన్లు, రెండుసార్లు.

బలానికి రోజు మార్చి రోజు, వారానికి మూడుసార్లు: వెల్లకిలా పడుకుని పిర్రలు పైకెత్తే బ్రిడ్జ్ 12 చొప్పున 3 సార్లు, పైన 3 సెకన్ల ఆపు. ఒరిగి పడుకుని పైకాలు లేపడం 10 చొప్పున 3. ఇందులో వీపు, మడమ గోడకు ఆనించి, కాలివేళ్ళు కాస్త కిందికి చూసేలా పెట్టకపోతే పని పిర్ర చేయదు, తొడ ముందు కండరం చేసేస్తుంది. మోచేతి మీద పక్కకు ఆనే సైడ్ ప్లాంక్ 20 సెకన్లతో మొదలు.

తుంటితోపాటు వెన్ను పైభాగాన్ని వదలకండి. ఛాతీ తిరగకపోతే ఆ బాకీ నడుము, తుంటి కడతాయి. ఒరిగి పడుకుని మోకాళ్ళు మడిచి, చేతులు జోడించి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవడం వైపుకు 8 సార్లు.

నొప్పిని పదికి ఎంతో వేసుకోండి. చేస్తున్నప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి దిగాలి. దిగకపోతే సగానికి తగ్గించండి. తేడా తెలియడానికి ఆరు వారాలు, నిలబడటానికి మూడు నెలలు పడుతుంది. పది రోజులు చేసి "పనిచేయలేదు" అని రాయొద్దు.

రేంజ్ మాస్టారు

ఆట మానక్కర్లేదు బాబాయ్ గారూ. ముందు ఎడమ పాదం చూసుకోండి.

బంతి ముందు నిలబడినప్పుడు మీ ఎదురుగా 12 గంటలు అనుకోండి. ఎడమ పాదం వేళ్ళు 12 మీద ఉంటే, ఫినిష్‌లో నడుము టార్గెట్‌కు ఎదురవడానికి దాదాపు 90 డిగ్రీలు ఆ కాలి మీదే తిరగాలి. మోకాలు, చీలమండ కొంత పంచుకుంటాయి, పెద్ద వాటా తుంటిది. వేళ్ళను 11 వైపు పెట్టండి. మొదలు కాకముందే 30 డిగ్రీలు చేతికొచ్చినట్టే. పాతకాలపు ఛాంపియన్ బెన్ హోగన్ ఎడమ పాదాన్ని పావు మలుపు, అంటే సుమారు 22 డిగ్రీలు బయటికి తిప్పమన్నాడు, కుడి పాదాన్ని మాత్రం నిటారుగా ఉంచమన్నాడు. ఆ కుడి పాదం మాట యాభై దాటిన కుర్చీ ఉద్యోగులకు నేను చెప్పను. బ్యాక్‌స్వింగ్‌లో (క్లబ్ వెనక్కి ఎత్తేటప్పుడు) నడుము 45 డిగ్రీల దాకా కుడికి తిరుగుతుంది, అప్పుడు లోపలి తిరుగుడు కావలసింది కుడి తుంటికి. కుడి పాదాన్ని పన్నెండున్నర వైపు, అంటే 15 డిగ్రీలు తెరవండి. అంతకు మించితే నడుము అదుపు తప్పి కుడికి జారిపోతుంది, డౌన్‌స్వింగ్‌లో ఆలస్యంగా వస్తుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటొకటి ఉంది. ఎడమ పాదం తెరవగానే వేళ్ళ గీత టార్గెట్‌కు ఎడమగా కనిపిస్తుంది, దాన్ని సరిచేయబోయి నడుమును, భుజాలను కూడా ఎటో తిప్పేస్తారు, బంతి ఎడమకు పోతుంది. నేల మీద ఒక క్లబ్ పడుకోబెట్టి మడమలు దానికి సమానంగా ఉన్నాయా అని చూడండి, వేళ్ళు కాదు.

రెండోది, ఫినిష్‌లో ఫొటో కోసం నిలబడకండి. బంతి పోయాక ఎడమ మడమ మీద పాదాన్ని టార్గెట్ వైపు తిరగనివ్వండి, లేదా ఛాంపియన్ గ్యారీ ప్లేయర్‌లా కుడి కాలు ముందుకు వేసి నడిచేయండి. నొప్పి పలికేది ఆ ఆఖరి ఇరవై డిగ్రీలలోనే, బంతికి దానితో పనిలేదు. రేంజ్‌లో స్పైకులున్న బూట్లు వేసుకోకండి. రబ్బరు మ్యాట్‌లో స్పైకు కొరుక్కుంటే పాదం తిరగదు, తిప్పుడంతా తుంటి మింగుతుంది. అడుగున చిన్న బొడిపెలుండే స్పైక్‌లెస్ చాలు.

మూడోది, ఎడమ మోకాలిని ఠక్కున నిటారు చేసి నేలను తన్నే పద్ధతి. దూరం కోసం ఈ మధ్య అందరూ నేర్పుతున్నారు, పాతికేళ్ళ కుర్రాడికి సరే. మీరు మోకాలిని కాస్త మెత్తగా ఉంచండి. ఐదారు గజాలు పోతాయి, పోనివ్వండి.

బ్యాక్‌స్వింగ్‌లో బిగువుగా ఉంటే ఎడమ మడమ నేల మీంచి లేవనివ్వండి. దిగ్గజం జాక్ నిక్లాస్ జీవితమంతా అలాగే ఆడాడు. స్టాన్స్ (పాదాల ఎడం) కూడా కుదించండి: డ్రైవర్‌కు మడమల లోపలి అంచులు భుజాల వెడల్పు, ఐరన్లకు (మధ్య దూరపు క్లబ్‌లకు) అంతకన్నా తక్కువ. కాళ్ళు చాచిన కొద్దీ నడుము తిరగలేక పక్కకు జారుతుంది.

వంద బంతుల బకెట్‌దే అసలు తప్పు కావచ్చు. ముప్పావుగంటలో వంద, అందులో సగం డ్రైవర్! 18 హోల్స్ ఆటలో డ్రైవర్ తీసేది పద్నాలుగు సార్లే, ఒక్కోదాని మధ్య పదిహేను నిమిషాల నడక. నాలుగు వారాలు డ్రైవర్ ఇంట్లో పెట్టండి. మొదటి రెండు వారాలు వెడ్జ్ నుంచి 7 ఐరన్ దాకా 40 బంతులు, బంతికీ బంతికీ మధ్య అర నిమిషం. మూడో వారం నుంచి 5 ఐరన్, హైబ్రిడ్ లాంటి ఇంకాస్త పొడుగు క్లబ్‌లు. నొప్పి లేకపోతే ఐదో వారంలో డ్రైవర్, అదీ పది బంతులు, మూడొంతుల స్వింగ్. చివర్లో క్లబ్ తిరగేసి ఎడమచేతి వాటంగా పది ఉత్త స్వింగులు వేయండి. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మొదటి హోల్ కొట్టే ముందు ఎనిమిది నిమిషాలు: మూడు నిమిషాల చురుకు నడక, క్లబ్ ఆసరాగా పట్టుకుని కాలు ముందుకూ వెనక్కూ 12, పక్కలకు 12, పది గుంజీలు సగం లోతు, క్లబ్ భుజాల మీద పెట్టుకుని ఛాతీ తిప్పడం 10, తర్వాత వెడ్జ్‌తో సగం స్వింగులు. గంటసేపు ట్రాఫిక్‌లో కూర్చుని దిగీ దిగగానే డ్రైవర్ తీయడం కన్నా ఘోరం లేదు. నిలబెట్టి పట్టే పొడుగు స్ట్రెచ్‌లు ఆట అయ్యాకే.

వైజాగ్ వెడ్జ్

నాదీ తుంటే కానీ గజ్జలో కాదు, కొత్త దారం (చర్చ) తెరవకుండా ఇక్కడే అడిగేస్తున్నాను. 57 ఏళ్ళు. కుడి తుంటి బయటి ఎముక మీద నొప్పి. రాత్రి ఆ వైపు ఒరిగితే మెలకువ వచ్చేస్తుంది, ఎడమ వైపు ఒరిగినా కుడి తుంటి లాగుతుంది. మెట్లెక్కితే తెలుస్తుంది. ఈస్ట్ పాయింట్‌లో తొమ్మిది హోల్స్ నడిస్తే సాయంత్రానికి సలుపు. ఎంత స్ట్రెచ్ చేసినా ఆ క్షణం హాయి, తర్వాత మామూలే. ఫినిష్‌లో ఏ బాధా లేదండీ.

తుంటి ఫిజియో

మేడం, మీది వేరే కథ. అది కీలు కాదు, పిర్ర కండరాల చివర ఉండే గట్టి పట్టీలు (డాక్టర్లు టెండన్ అంటారు) తుంటి బయటి ఎముకకు అతుక్కునే చోటు. నలభై దాటిన ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. చాలా చోట్ల దీన్ని నీటి సంచి వాపు అని రాసేస్తారు, చాలామందిలో అసలు ఇబ్బంది టెండన్‌దే.

ఇంట్లోనే చూసుకోండి: గోడకు ఒక వేలు ఆనించి కుడి కాలి మీద 30 సెకన్లు నిలబడండి. ఆ లోపే బయటి ఎముక మీద అదే నొప్పి పలికితే దాదాపు అదే.

కాలు అడ్డంగా లాగి చేసే స్ట్రెచ్ మీకు శత్రువు. కాలు మధ్యగీత దాటి అవతలికి పోయినప్పుడల్లా ఆ టెండన్ ఎముక మీద ఒత్తుకుంటుంది. క్షణం హాయి, ఆ తర్వాత మామూలే అన్నారు చూడండి, కారణం అదే. కాలు మీద కాలు వేసుకోవద్దు. పటింగ్ గ్రీన్ (బంతిని గుంతలోకి దొర్లించే పచ్చిక) దగ్గర వంతు కోసం ఒక తుంటి మీద ఒరిగి నిలబడటం మానండి, రెండు కాళ్ళ మీద సమానంగా నిలబడండి. పడుకున్నప్పుడు మోకాళ్ళ నుంచి చీలమండల దాకా వచ్చే పొడవాటి దిండు కాళ్ళ మధ్య పెట్టుకోండి. చిన్న దిండు పెడితే పాదం కిందికి జారుతుంది, లాభం లేదు.

వ్యాయామం: నిలబడి, పాదాలు తుంటి వెడల్పులో ఉంచి, నేలను రెండు పాదాలతో పక్కలకు చీలుస్తున్నట్టు నెట్టండి. పాదాలు కదలవు, పిర్రలు బిగుస్తాయి. 30 నుంచి 45 సెకన్లు, నాలుగు సార్లు, రోజుకు రెండు పూటలా. రెండు వారాలయ్యాక బ్రిడ్జ్, ఆ తర్వాత ఆరంగుళాల మెట్టు ఎక్కి దిగడం 10 చొప్పున 3, అద్దం ముందు, అవతలి వైపు నడుము కిందికి వాలకుండా. నొప్పి ఉందని నడక పూర్తిగా ఆపేస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. తొమ్మిది హోల్స్ ఆరు చేసి, వారానికి ఒక హోల్ కలుపుతూ పోండి.

పిర్ర మధ్యలో నొప్పి పుట్టి మోకాలి కింది దాకా తిమ్మిరి, మంట దిగేవాళ్ళు ఈ రెండు జవాబులూ పక్కన పెట్టి నడుము చూపించుకోవాలి, అది వెన్ను నుంచి వచ్చే నరం.

ఫ్రిస్కో ట్రాలీ

చిన్న విషయాలు రెండు. ఇక్కడ అమెరికాలో చాలా కోర్సుల్లో క్యాడీలు ఉండరు, బ్యాగు మనదే. నిండు బ్యాగు పది పన్నెండు కిలోలు ఉంటుంది, ఒంటి భుజానికి వేస్తే ఆ వైపు తుంటి గంటల తరబడి ఒరిగే నడుస్తుంది. ట్రాలీ తీసుకోండి, అదీ ముందుకు నెట్టేది. వెనక లాగేదానితో ఒంటిచేత్తో మెలి తిరిగి నడవాల్సి వస్తుంది.

కప్‌లోంచి బంతి తీయడానికి గొంతు కూర్చోకండి. పటర్‌ను కర్రలా ఆనించుకుని, నొప్పి లేని కాలి మీద నిలబడి, నొప్పి కాలిని వెనక్కి గాల్లోకి లేపుతూ వంగి తీయండి. టీ (బంతిని నిలిపే చిన్న మేకు) గుచ్చేటప్పుడూ అంతే. పటర్ పిడికి తగిలించే చిన్న రబ్బరు కప్పు దొరుకుతుంది, బంతిని పీల్చుకుని పట్టుకుంటుంది. 18 హోల్స్‌లో ముప్పై నలభై వంగుళ్ళు తప్పుతాయి.

ఎముకల వార్డు

వ్యాయామాల గురించి పైన బాగా చెప్పారు. కానీ గజ్జ నొప్పికి ఎక్స్‌రే కూడా లేకుండా మూడు నెలలు లాగడం నాకు నచ్చలేదు.

యాభైలో గజ్జ నొప్పి అంటే అరుగుదల ఒక అనుమానం. మన దేశంలో ఇంకోటి తప్పక చూడాలి: తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చిపోవడం, ఏవీఎన్ అంటాం. ఎక్కువ రోజులు స్టెరాయిడ్ వాడినవాళ్ళకు (ఉబ్బసం, చర్మం, కీళ్ళవాతం ఏదైనా), మద్యం ఎక్కువగా తాగేవాళ్ళకు, సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్నవాళ్ళకు వస్తుంది. కోవిడ్‌లో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలోనూ చూశాం. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎంఆర్ఐలోనే దొరుకుతుంది. ఆ దశలో పట్టుకుంటే కీలును కాపాడే అవకాశం ఉంటుంది, తల కుంగిపోయాక ఆ అవకాశం పోతుంది. పైన చెప్పినవాటిలో ఏదైనా ఉంటే ఈ దారం చదవడం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కాలు మోపలేకపోవడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిన తర్వాత మొదలైన నొప్పి, వీటికీ అదే మాట.

ఆటకు ముందు మాత్ర మానండి. అది నొప్పిని తీయదు, కబురు అందకుండా చేస్తుంది, ఆ రోజు మీరు నలిపింది మర్నాడు తెలుస్తుంది. పైగా ఏప్రిల్ ఎండలో నాలుగు గంటలు చెమటోడుస్తూ, బీపీ మాత్రలు కూడా వాడుతుంటే, డైక్లోఫెనాక్ లాంటి మాత్ర కిడ్నీని దెబ్బ తీయగలదు. జెల్ రాస్తే తుంటి కీలు దాకా దిగదు, చాలా లోతున ఉంటుంది. మేడం గారి బయటి ఎముక నొప్పికి కొంత పనిచేయొచ్చు.

కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు. అరుగుదలలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల ఉపశమనం. అది వేశాక మూడు నెలలు కీలు మార్పిడి చేయం, ఇన్‌ఫెక్షన్ భయం. కాబట్టి ఆపరేషన్ ఆలోచన ఉంటే ముందే చెప్పండి.

కీలు మార్పిడి అంటే గోల్ఫ్‌కు సెలవనుకోకండి. జాక్ నిక్లాస్ 1999లో ఎడమ తుంటి మార్పించుకుని మళ్ళీ ఆడాడు. ఇంకో ఛాంపియన్ టామ్ వాట్సన్ 2008 అక్టోబరులో ఎడమ తుంటి మార్పించుకుని, 2009 జులైలో టర్న్‌బెర్రీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో 59 ఏళ్ళ వయసులో ఆఖరి హోల్ పార్ (దానికి నిర్ణయించినన్ని దెబ్బల్లో) చేస్తే గెలిచేంత దూరం వచ్చాడు. బోగీ (ఒక దెబ్బ ఎక్కువ) అయి, ప్లేఆఫ్‌లో స్టీవర్ట్ సింక్ చేతిలో ఓడాడు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు పటింగ్, చిప్పింగ్, మూడు నుంచి ఆరు నెలలకు ఫుల్ స్వింగ్. వెనక నుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే మొదటి నెలల్లో బాగా వంగి కాలు లోపలికి తిప్పడం ప్రమాదం, అంటే కప్‌లో బంతి కోసం వంగడమే స్వింగ్ కన్నా చెడ్డది. ముందు నుంచి చేసినదైతే కాలు వెనక్కి పోతూ బయటికి తిరగడం చూసుకోవాలి. కుడిచేతి ఆటగాడికి ఫినిష్‌లో కుడి కాలు అలాగే ఉంటుంది. ఏ వైపు నుంచి చేశారో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.

బోగీ బాబాయ్

అందరికీ థ్యాంక్స్. మా అబ్బాయి చేత ఫోన్ పట్టించి కొలిచాను. మూడుసార్ల సగటు: కుడి 36, ఎడమ 19. ఎడమది లాగుతూ ఆగలేదు, మీరన్నట్టు తలుపు గోడకు తగిలినట్టే ఆగింది, గజ్జ ముందే. మోకాలిని కుడి భుజం వైపు వాల్చగానే అచ్చం ఫినిష్‌లో వచ్చే నొప్పే. స్టెరాయిడ్ ఎప్పుడూ వాడలేదు. నిన్న పాదం 11 వైపు పెట్టి, స్పైకులు లేని బూట్లతో వెడ్జ్, 7 ఐరన్ 40 బంతులు కొట్టాను. ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. మొదటి పది బంతులు ఎడమకు పోయాయి, మడమల గీత చూసుకున్నాక సరయ్యాయి. ఇప్పుడు ఎంఆర్ఐకే వెళ్ళనా?

ఎముకల వార్డు

ముందు ఎక్స్‌రే. నిలబడి తీసే పెల్విస్ (కటి ఎముకల) ఎదురు ఫిల్మ్ ఒకటి, తుంటిని 45 డిగ్రీలు మడిచి తీసే డన్ వ్యూ ఒకటి. ఈ రెండోది అడిగితేనే తీస్తారు. తొడ ఎముక మెడ మీద బొడిపె ఉంటే ఎదురు ఫిల్మ్‌లో దాక్కుంటుంది, ఇందులో బయటపడుతుంది. పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో కీలు సందు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు, అందుకే నిలబడి. ఎంఆర్ఐ అవసరమా అన్నది ఆ రెండూ చూశాక. యాభై దాటినవాళ్ళ ఎంఆర్ఐలో నొప్పి లేకున్నా లాబ్రమ్ చిరుగు కనిపించడం మామూలే. రిపోర్టులో ఆ మాట చూసి ఆపరేషన్‌కు పరిగెత్తకండి.

తుంటి ఫిజియో

19 వచ్చి, గోడలా ఆగుతోంది కాబట్టి నేను చెప్పినవాటిలో మొదటి రెండూ ఎడమ వైపు చేయకండి, కుడికి కావాలంటే చేసుకోండి. బ్రిడ్జ్, ఒరిగి కాలు లేపడం, సైడ్ ప్లాంక్, పుస్తకం తెరవడం, తొడ ముందు స్ట్రెచ్ కొనసాగించండి. ఆఫీసు కుర్చీ ఎత్తు కూడా పెంచండి, మోకాలు తుంటి కన్నా రెండంగుళాలు కిందికి ఉండాలి. లోతుగా కూర్చుంటే రోజంతా అదే చోట నొక్కుకుంటుంది. కారు సీటుకు ఒక మడత దుప్పటి వేసుకోండి. ఆరు వారాలకు మళ్ళీ అదే బల్ల మీద, అదే వేళకు కొలవండి. పొద్దున బిగువుకూ సాయంత్రం బిగువుకూ తేడా ఉంటుంది. 19 అలాగే ఉండిపోయినా కంగారు పడొద్దు, మనం చూసేది మర్నాటి పొద్దుటి నొప్పి ఎంత, సాక్సు ఎంత సులువుగా పడుతోంది అన్నదే.